చెక్కు తీసుకోవచ్చు, పక్కన ఒక్క వాక్యం రాసి

ప్రశ్న: హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ రోడ్డు మీద మాకు రెండంతస్తుల ఇల్లు ఉంది. కింద రెండు మల్గీలు. ఒకదానిలో మా చెప్పుల దుకాణం నడుస్తోంది, రెండోది ఇరవై ఏళ్లుగా ఒక దర్జీకి కిరాయికి ఇచ్చాం. మెట్రో కోసం ముందువైపు పన్నెండు అడుగులు పోతాయని ప్రాథమిక నోటిఫికేషన్‌లో మా ఇంటి నంబరు వచ్చింది. ఒక పార్టీ నాయకుడు ‘లైను మార్పిస్తాం, ఎవరూ సంతకాలు పెట్టవద్దు’ అంటున్నారు. ఇంకో పార్టీవారు ‘ముందు ఒప్పుకున్నవాడికే లాభం’ అంటున్నారు. గజానికి 81 వేలట. ఏం చేయమంటారు? దర్జీ కూడా వాటా అడుగుతున్నాడు.

జవాబు: ఆ నోటిఫికేషన్ ఏ తేదీన ప్రచురితమైందో ముందు చూసుకోండి. 2013 భూసేకరణ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ తేదీ నుంచి 60 రోజుల లోపల మీ అభ్యంతరాలు కలెక్టరుకు రాతపూర్వకంగా అందాలి. గెజిట్‌లో ఒక రోజు, పత్రికలో మరో రోజు వచ్చి ఉంటే, అన్నిటికన్నా ముందు తేదీ నుంచి లెక్కపెట్టుకోవడం క్షేమం. ‘లైను మారుతుంది’ అని మీకు హామీ ఇచ్చిన నాయకుడు ఈ గడువును ఒక్క పూట కూడా ఆపలేడు. చట్టం దృష్టిలో గెజిట్‌కు ఉన్న విలువ మైకుకు లేదు.

ఆయన అబద్ధం చెబుతున్నారని నేను అనడం లేదు. ఈ ఊళ్లో మెట్రో గీతలు మారిన సందర్భాలూ ఉన్నాయి, మారతాయని ఊరించి మారనివీ ఉన్నాయి. 2014లో కొత్త రాష్ట్ర ప్రభుత్వమే అసెంబ్లీ దగ్గరా సుల్తాన్ బజార్‌లోనూ దారి మార్చాలని పట్టుబట్టింది. ఇవాళ ఆ రెండు చోట్లా పైవంతెన మీదే రైళ్లు తిరుగుతున్నాయి. మీ వైపు లైనుకు కూడా అప్పట్లో మూసీ ఒడ్డు దారి అని ఒక మాట నడిచింది. ఆ వాదులాటలో 2020 ఫిబ్రవరిలో రైలు ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. మరోవైపు రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 2022 డిసెంబరు 9న శంకుస్థాపన జరిగిన లైను, ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారడంతో పక్కకు పోయింది. మీ లైనుకు 2024 మార్చి 8న ఫలక్‌నుమా వద్ద రాయి వేశారు. ఇది ఏ దారిన పోతుందో నేనేమీ జోస్యం చెప్పను.

రైలు ఏ వీధిగుండా పోవాలన్నది విధాన నిర్ణయమని కోర్టులు దాదాపుగా జోక్యం చేసుకోవు. కాబట్టి ‘మా వీధి వద్దు, పక్క వీధి ముద్దు’ అన్న అభ్యంతరంతో పొద్దు పుచ్చవద్దు. నోటీసు, విచారణ, కారణాలతో కూడిన నిర్ణయం, న్యాయమైన పరిహారం వంటివి ఆస్తి హక్కును కాపాడే రాజ్యాంగం 300ఎ అధికరణలోనే ఇమిడి ఉన్నాయని సుప్రీంకోర్టు 2024 మేలో కోల్‌కతా మునిసిపల్ కార్పొరేషన్ కేసులో చెప్పింది. మీ పట్టు అక్కడ ఉండాలి. కొలత తప్పు, పై అంతస్తు లెక్కలో లేదు, దుకాణం ఉన్నట్టు రాయలేదు, నిర్మాణాన్ని పాతదని తక్కువ కట్టారు: ఇలాంటివి రాయండి. విచారణ కావాలని అందులోనే అడగండి. అందినట్టు ముద్ర వేయించుకోండి. వారసత్వ కట్టడాల కోసం హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం ఉంది కదా అని ఊరుకోవద్దు. ఎవరో వేసిన కేసుతో మీ గడువు ఆగదు.

ఇక డబ్బు సంగతి. ఆ 81 వేలు ఉత్త భూమి ధరా, అన్నీ కలిపిన మొత్తమా అన్నది అడిగి తెలుసుకోండి. చట్టం లెక్క ఇది: రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల గత మూడేళ్ల విక్రయాల సగటు, వీటిలో ఎక్కువది మార్కెట్ విలువ. సగటు కట్టేటప్పుడు ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజులనే తీసుకోవాలి. దానికి నిర్మాణం విలువ కలిపి, వచ్చిన మొత్తం మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము. పల్లెల్లో భూమి విలువను రెట్టింపు దాకా పెంచే గుణకం నగరంలో లేదు. ఈ అంకెలు వేరువేరు వరుసల్లో చూపమనండి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి మీ రోడ్డు మీది విక్రయ దస్తావేజుల ధ్రువీకృత నకళ్లు తెచ్చుకోండి. ఖర్చు కొంచెమే, రేపు ధర గురించి వాదించాల్సి వస్తే మీ చేతిలో ఉండే ఆధారం అదే.

సంతకం విషయంలో రెండు రకాల కాగితాలు వస్తాయి, వాటిని కలగలపవద్దు. మొదటిది సమ్మతి ఒప్పందం. ఇంత ధరకు ఇష్టపూర్వకంగా ఇస్తున్నానని దాని మీద సంతకం చేస్తే ఎక్కువ అడిగే దారి దాదాపు మూసుకుపోయినట్టే. డబ్బు త్వరగా రావడం దాని లాభం. ధర నిజంగా నచ్చితే అదేమీ తప్పు కాదు. రెండోది అవార్డు, అంటే పరిహారం తేలుస్తూ కలెక్టరు ఇచ్చే ఉత్తర్వు, కింద చెల్లింపు రసీదు. దాని మీద ‘మొత్తం చాలదన్న అభ్యంతరంతో పుచ్చుకుంటున్నాను’ అని మీ చేత్తో రాసి సంతకం చేయాలి. 77వ సెక్షన్ ప్రకారం ఆ మాట లేకుండా డబ్బు తీసుకున్నవారు 64వ సెక్షన్ కింద పెంపు కోరలేరు. పరిహారం పెంచమని చక్కని కేసుతో వచ్చి, ఈ ఒక్క వాక్యం లేనందువల్ల వెనుదిరిగినవారు నాకు తెలుసు. అవార్డు చెప్పినప్పుడు మీరు అక్కడే ఉంటే పెంపు దరఖాస్తుకు గడువు ఆరు వారాలు. లేకుంటే నోటీసు అందిన ఆరు వారాలు లేదా అవార్డు నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఆ పన్నెండు అడుగులు. ముందు గోడా, మల్గీలూ పోయాక మిగిలిన ఇల్లు నిలుస్తుందా? మెట్లు ఎటు పడతాయి? 94వ సెక్షన్ ప్రకారం ఇంట్లో ఒక ముక్కే తీసుకోబోతున్నప్పుడు, యజమాని కోరితే మొత్తం ఇంటినే తీసుకోవాలి. అవార్డు కంటే ముందే ఆ కోరిక రాతలో ఇవ్వండి. అడిగే ముందు ఒక ఇంజనీరుకు ఇల్లు చూపించండి. మిగిలే స్థలం రోడ్డు ముఖంగా మంచి బేరం పలికేట్టుంటే అడగకపోవడమే మేలు.

దర్జీకి మీ భూమి ధరలో వాటా సాధారణంగా రాదు. అయితే సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ చోటే అతని ముఖ్య జీవనాధారమైతే చట్టం అతన్ని ‘బాధిత కుటుంబం’ కింద చూస్తుంది. రెండో షెడ్యూలు ప్రకారం చిరువ్యాపారికి కనీసం 25 వేలు, చోటు ఖాళీ చేయాల్సి వస్తే తరలింపు ఖర్చు 50 వేలు వంటివి అడగవచ్చు. అవి ప్రభుత్వం ఇచ్చేవి, మీ పరిహారంలో కోసేవి కావు. కాబట్టి అతను మీకు పోటీదారు కాడు. కిరాయి రసీదులు ఇచ్చి అతని దరఖాస్తుకు సాయపడండి. అతను వాటా కోసం పేచీ పెడితే వివాదం అథారిటీకి (ఈ చట్టం కింద పరిహారపు తగాదాలు తేల్చే సంస్థకు) వెళ్లి, తేలేదాకా మీ డబ్బు కూడా అక్కడే ఉండిపోవచ్చు.

రేపు ప్రభుత్వమే లైను మార్చుకుంటే? స్వాధీనం చేసుకోకముందు సేకరణ నుంచి తప్పుకునే హక్కు 93వ సెక్షన్ వారికి ఇచ్చింది. కానీ నోటీసు వల్ల మీకు జరిగిన నష్టాన్ని కలెక్టరు లెక్కకట్టి ఇవ్వాలి. అందుకే ఈ నోటిఫికేషన్ వల్ల ఖాళీ అయిన కిరాయి, ఆగిన మరమ్మతు, తప్పిన బేరం, అన్నిటికీ కాగితం ఉంచుకోండి. పరిహారం పూర్తిగా అందేదాకా 38వ సెక్షన్ ప్రకారం మీ ఇల్లు స్వాధీనం చేసుకోకూడదు. ఈ చట్టం కింద వచ్చే అవార్డుకూ ఒప్పందానికీ ఆదాయపు పన్ను లేదని 96వ సెక్షన్ చెబుతోంది. నోటిఫికేషన్‌లో ఉన్న భాగాన్ని మాత్రం ఈలోగా అమ్మడానికీ తాకట్టు పెట్టడానికీ వీల్లేదు, ‘ఇప్పుడే నాకు రాసివ్వండి, పరిహారం సంగతి నేను చూసుకుంటాను’ అని ఎవరైనా వస్తే గుమ్మం దగ్గరే ఆపండి.