అనువాద పనుల లెక్క సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకునేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

పనులు పెరిగి ఎక్సెల్ షీటు చాలడం లేదన్నావు. ట్రాడోస్, మెమోక్యూ అనువాదం చేయడానికి. నీకిప్పుడు కావలసింది ఏ పని ఎవరిది, ఎన్ని పదాలు, గడువెప్పుడు, డబ్బు వచ్చిందా అని చూపించేది. ప్లూనెట్, ఎక్స్‌టీఆర్‌ఎఫ్ ఏజెన్సీలను దృష్టిలో పెట్టుకుని చేసినవి, ఒక్కడివే చేసుకునేవాడివి, నీకంత హంగామా అక్కర్లేదు. ట్రాన్స్‌లేషన్ ఆఫీస్ 3000, ప్రోటెమోస్ లాంటివి చూడు.

ఏది తీసుకున్నా, ఫైలు తెరవకముందే పని అందులోకి ఎక్కాలి. క్లయింటు పేరు, భాషల జంట, రేటు, పీవో (క్లయింటు ఇచ్చే పర్చేజ్ ఆర్డర్) నంబరు, గడువు. పీవో నంబరు లేని ఇన్వాయిస్‌ను చాలా ఏజెన్సీలు వెనక్కి పంపేస్తాయి, అందుకే అది రానిదే పని మొదలుపెట్టకు. "శుక్రవారం సాయంత్రం 5" అని మెయిల్ వస్తే అది ఏ దేశపు సాయంత్రమో అడిగి, యూటీసీతో (ప్రపంచ ప్రామాణిక సమయంతో) సహా రాసుకో. వేసవిలో గడియారం ముందుకు జరిపే దేశాలతో ఒక గంట తేడా వచ్చి గడువు తప్పుతుంది.

పదాల లెక్క దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. 4,000 పదాల ఫైలు వచ్చిందనుకో. టూల్ దాన్ని మెమరీతో, అంటే పాత అనువాదాల నిల్వతో పోల్చి చేసే విశ్లేషణలో కొత్తవి 2,500, పాతవాటితో 75–84 శాతం పోలినవి 600, ఫైల్లోనే మళ్లీ వచ్చినవి 500, మెమరీలో నూటికి నూరు ఉన్నవి 400. ఒప్పందంలో వీటికి వరుసగా 100, 60, 30, 30 శాతం రేటు ఉంటే, 2,500 + 360 + 150 + 120, అంటే 3,130 పదాలకే డబ్బు. రోజుకు 2,000 చొప్పున చేసేవాడికి ఇది ఒకటిన్నర రోజు దాటుతుంది, సరిచూసుకునే సమయం దీనికి అదనం. నూటికి నూరు ఉన్నవాటినీ చదవాలి కదా, ఆ సమయాన్ని ఉచితంగా ఇచ్చేయకు. అంకెలు, హైఫన్లు, లింకులు లెక్కపెట్టే పద్ధతి టూల్‌ను బట్టి మారుతుంది కాబట్టి, ఏ టూల్‌తో లెక్కపెట్టారో ముందే ఒప్పుకుని, ఆ రిపోర్టును పనికి జతచెయ్యి.

మధ్యలో మార్చిన ఫైలు పంపితే పాతదాన్ని చెరిపేయకు. కొత్త వరుస తెరిచి, అప్పటివరకు చేసింది మెమరీలోకి ఎక్కించి, కొత్త ఫైలును మళ్లీ విశ్లేషించు. అప్పుడు అదనపు పని ఎంతో అంకెల్లో చూపించి అడగొచ్చు.

రోజూ చూడాల్సిన తెర ఒక్కటే, పంపేశాం కానీ ఇన్వాయిస్ చేయలేదు అన్న జాబితా. చిన్న చిన్న పనులు అక్కడే మరుగున పడిపోతాయి. కనీస రుసుమును విడి లెక్కగా పెట్టుకునే వీలుందో చూసుకో, లేకపోతే 40 పదాల పనికి సాఫ్ట్‌వేర్ 40 పదాల డబ్బే వేస్తుంది.

డబ్బు కట్టేముందు, పూర్తయిన పనులు ఓ పది ట్రయల్‌లో ఎక్కించి చూడు. గంటల లెక్కన చేసినది ఒకటి, వేరే కరెన్సీది ఒకటి తప్పక ఉండాలి. తర్వాత మొత్తం సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) బయటికి తీసి ఎక్సెల్‌లో తెరువు. తెలుగు పేర్ల చోట పిచ్చి గుర్తులు కనిపిస్తే కంగారుపడకు, డేటా మెనూలోంచి యూటీఎఫ్-8 అనే అక్షరాల ఎన్‌కోడింగ్ ఎంచుకుని దిగుమతి చేస్తే సరిపోతుంది. అసలు బయటికి తీసుకునే వీలే లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ జోలికి పోకు.