సబ్‌వూఫర్ కొనే ముందు కుర్చీ జరుపు

అమ్మలూ,

నువ్వు కంప్యూటర్‌లో చేసి పంపిన డాన్స్ పాట మూడుసార్లు విన్నాను. మొదట ఇంట్లో స్పీకర్ల మీద, తర్వాత హెడ్‌ఫోన్స్‌లో, ఆఖరికి పొద్దున కూరగాయలకి వెళ్తూ కారులో. నీ గొంతు, ఆ మోహన రాగం ముక్క, దాని వెనకాల మెల్లగా తెరుచుకునే సింథ్ చాలా బావున్నాయి. బేస్, అంటే కింది స్వరాల గుమ్ము, మాత్రం మోత మోగింది. కారు తలుపు లోపలి అట్ట గడగడలాడింది. నువ్వేమో మెసేజ్‌లో "బాబాయ్, ఎంత పెంచినా బేస్ రావట్లేదు, దాచుకున్న నలభై వేలతో సబ్‌వూఫర్ కొననా?" అని, బేస్ కోసమే ఉండే ఆ స్పీకర్ గురించి అడిగావు. నీకు రాని బేస్ నా కారుని ఊపేసిందంటే తప్పు స్పీకర్లది కాదు. డబ్బులు తీయకు. ముందు టేపు తీసుకుని గది కొలువు.

మేడమీది ఆ గది నాకు బాగా తెలుసు. అన్నయ్య కట్టిస్తున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, స్లాబు కూడా పదడుగుల ఎత్తులోనే. చదువుకోవడానికి హాయిగా ఉంటుంది. బేస్ వినడానికి మాత్రం అన్నిటికన్నా కష్టమైన గది అదే.

శబ్దం సెకనుకి దాదాపు 1125 అడుగులు పోతుంది. ఒక గోడ నుంచి ఎదుటి గోడకి వెళ్లి తిరిగి రావాలంటే నీ గదిలో 20 అడుగులు. 1125ని 20తో భాగిస్తే 56. అంటే సెకనుకి 56 సార్లు ఊగే శబ్దం ఆ రెండు గోడల మధ్య సరిగ్గా ఇరుక్కుంటుంది. వెళ్లే అల, తిరిగొచ్చే అల కలిసి ఒకచోటే నిలబడి ఊగుతాయి. గోడల దగ్గర ఆ శబ్దం బాగా పెరిగిపోతుంది, గది నడిమధ్యలో దాదాపు మాయమవుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు వేరువేరుగా ఉన్న గదిలో ఈ ఇబ్బంది మూడు స్వరాలకి పంచుకుపోతుంది. నీ గదిలో మూడూ వచ్చి ఒకే అంకె మీద కూర్చున్నాయి.

ఇప్పుడు నువ్వు పంపిన ఫోటో చూడు. టేబుల్ గోడకి ఆనించావు, దాని వెనక కుర్చీ. నీ తల గోడ నుంచి అయిదడుగుల దూరంలో ఉంది. కుడి ఎడమల సరిగ్గా మధ్యన కూర్చున్నావు, అది సరైనదే. కూర్చుంటే నీ చెవులు నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో ఉంటాయి. ఎటు నుంచి చూసినా గది నడుమనే ఉన్నావు.

పాట శృతి ఏమిటి? ఆరు. చిన్నప్పుడు టీచర్ దగ్గర వర్ణాలు పాడిన శృతే ఇప్పటికీ నీ గొంతుకి అలవాటు. ఆరు శృతి అంటే కీబోర్డు మీద ఏ. నీ షడ్జమం సెకనుకి 220 సార్లు ఊగుతుంది. దాన్ని ఒక స్థాయి దింపితే 110, ఇంకో స్థాయి దింపితే 55. నీ కిక్ (కింది డ్రమ్ దెబ్బ) తోక, నీ బేస్ రెండూ ఆ 55 మీదే నిలబడ్డాయి. గది మధ్యలో మాయమయ్యే 56కి పక్కనే. అందుకే నువ్వు పెంచుతూ పోయావు, నీకు వినపడలేదు, ఆ పెంచిందంతా ఫైల్లోకి ఎక్కి మా కారులో బయటపడింది.

ఈ తప్పు నేను చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. పదిహేనేళ్ల కిందట అద్దె ఇంట్లో ఒక చిన్న గదిలో కూర్చుని, తెలిసినవాళ్ల పెళ్లి సంగీత్‌కి అరగంట మిక్స్ తయారుచేశాను. నా గదిలో కిక్ నీరసంగా ఉందనిపించి నాలుగు డెసిబెల్స్ పెంచాను, తర్వాత ఇంకో రెండు. ఫంక్షన్ హాల్లో పెద్ద సిస్టమ్ మీద మొదటి డ్రాప్ (బీట్ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) పడగానే స్టేజీ చెక్కలు దడదడలాడాయి, గొంతు ఒక్క ముక్క వినపడలేదు. పెళ్లికూతురి నాన్నమ్మ చెవులు మూసుకుని లేచి వెళ్లిపోయింది. నెల రోజుల కష్టం పది సెకన్లలో పోయింది. ఆ రాత్రి ఇంటికొచ్చి గది కొలవడం మొదలుపెట్టాను.

నువ్వు చేయాల్సింది ఇది. నీ ఎఫ్ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో కొత్త ప్రాజెక్టు తెరువు. ఏ ఎఫెక్టూ లేని సాదా సైన్ వేవ్ పెట్టు. 49 హెర్ట్జ్ (సెకనుకి 49 ఊపులు) దగ్గర ఉన్న జి నుంచి 98 దగ్గర ఉన్న పై జి దాకా ఒక్కో స్వరం, నాలుగేసి సెకన్లు, అన్నీ ఒకే బలంతో (వెలాసిటీ). వాల్యూమ్ తక్కువ పెట్టు. కుర్చీలో కదలకుండా కూర్చుని నోటుబుక్కులో ప్రతి స్వరానికి ఎదురుగా "మామూలు", "మోత", "మాయం" అని రాయి. తర్వాత అదే పాడించి, కుర్చీలోంచి లేచి మెల్లగా వెనక గోడ దాకా నడువు. 55 దగ్గర మాయమైన స్వరం గోడని చేరేసరికి పొట్టలో కొట్టినట్టు వస్తుంది. మొదటిసారి అది విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అన్నాళ్లూ శబ్దం గదిలోనే ఉంది, నేను లేని చోట ఉంది.

తర్వాత టేబుల్ జరుపు. ముందు గోడ నుంచి నీ తల గది పొడవులో 38 శాతం దగ్గర ఉండాలని స్టూడియోలు కట్టేవాళ్లు ఒక లెక్క చెప్తారు. నీ గదికి అది 3.8 అడుగులు. అది వేదవాక్కు కాదు, వెతకడం మొదలుపెట్టే చోటు. వెడల్పాటి టేబుల్ తీసేసి అడుగున్నర టేబుల్ వేసుకో, స్పీకర్లు గోడకి దగ్గరగా పెట్టు. అక్కడి నుంచి అరడుగు ముందుకీ వెనక్కీ జరుగుతూ అదే సైన్ మళ్లీ విను. ఇప్పుడున్న అయిదు అంగుళాల స్పీకర్లే ఆ గదికి చాలు. మాయమయ్యే చోట కూర్చుని సబ్‌వూఫర్ కొంటే వీధి చివరి వాళ్లకి వినపడుతుంది, నీకు వినపడదు.

గోడలకి కోడిగుడ్ల అట్టలు మాత్రం అంటించకు. ఎవరో ఒకరు చెప్తారు. అవి కీచుమనే పై శబ్దాలని కొంచెం చెదరగొడతాయి. ఇరవై అడుగుల పొడవున్న అలని అరంగుళం అట్ట ఏం చేయగలదు? మందం కావాలి. గది మూలల్లో, నేల నుంచి స్లాబు దాకా, ఎంత మందం పెట్టగలిగితే అంత. వదిన అటక మీద కట్టిపెట్టిన పాత పత్తి పరుపులు రెండు ఉండాలి, అడిగి దింపించు, చుట్టి వెనక మూలల్లో నిలబెట్టు. డబ్బు ఖర్చుపెట్టాలనుకుంటే రాక్‌వూల్ (రాతి ఉన్ని) పలకలు తెప్పించి, నాలుగంగుళాల మందంతో చెక్క ఫ్రేముల్లో బిగించి, మీద నూలు గుడ్డ కుట్టించు. చేతులకి గ్లోవ్స్, ముక్కుకి మాస్క్ లేకుండా రాక్‌వూల్ ముట్టుకోవద్దు, ఆ నూగు ఒళ్లంతా దురద పెడుతుంది. ఇవన్నీ చేసినా 56 పూర్తిగా లొంగదు. అందుకే చివరి మాట హెడ్‌ఫోన్స్‌ని అడుగు. హెడ్‌ఫోన్స్‌కి గది లేదు. ఆ నలభై వేలలో మొదటి ఖర్చు వెనక మూసి ఉండే మంచి క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్స్, రెండోది చిన్న యూపీఎస్. మీ వైపు వేసవిలో కరెంటు ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. మిగతాది బ్యాంకులోనే ఉండనీ.

కిక్, బేస్ గొడవ ఇంకొకటుంది. నువ్వు 128 బీపీఎమ్‌లో (నిమిషానికి 128 బీట్లు) చేస్తున్నావు, అంటే ఒక బీట్‌కి 469 మిల్లీసెకన్లు. నీ కిక్ తోక 400 దాకా సాగుతోంది. బేస్ ఎక్కడ దూరుతుంది? తోకని 250 దగ్గర కత్తిరించు. బేస్ మీద సైడ్‌చెయిన్ పెట్టు, కిక్ పడినప్పుడల్లా బేస్ దానంతటదే తగ్గి మళ్లీ లేవాలి. కచేరీలో పాడేవాళ్లు ఆలాపన ఎత్తుకోగానే వయొలిన్ వెనక్కి తగ్గి తోడు నడుస్తుందే, అంత సహజంగా. 120 హెర్ట్జ్ కింద ఉన్నదంతా మోనోలో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకేలా, ఉంచు. ఫోన్ స్పీకర్‌లో 55 ఎలాగూ పలకదు కాబట్టి బేస్‌కి కొంచెం శాచురేషన్, అంటే కాస్త గరుకుదనం, తగిలించు, పైన 110, 165 పుడతాయి. వాటిని విని చెవి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. మాస్టర్‌లో (చివరి మొత్తం శబ్దం మీద) శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని లిమిటర్ ఇప్పుడే వద్దు, పీక్ (అన్నిటికన్నా గట్టి దెబ్బ) మైనస్ ఆరు డెసిబెల్స్ దగ్గర ఆగితే చాలు.

ఇంక పూర్తి చేయడం. నీ ఫోల్డర్‌లో ఎనిమిది బార్ల లూపులు (మళ్లీ మళ్లీ తిరిగే ముక్కలు) నలభై ఉన్నాయన్నావు. ఇంట్లో కూర్చుని మ్యూజిక్ చేసేవాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే లూప్ వింటుంటే హాయిగా ఉంటుంది. నీ దగ్గర మాత్రం వాళ్లకి లేనిది ఒకటుంది. నీకు తాళం తెలుసు. నాలుగు బీట్ల బార్లు రెండు కలిస్తే ఎనిమిది, అంటే ఒక ఆదితాళం ఆవర్తనం. 128లో ఎనిమిది ఆవర్తనాలు వేస్తే సరిగ్గా ముప్పై సెకన్లు అవుతుంది, గడియారం పెట్టుకుని చూడు. ఈ సంగీతంలో మార్పులు దాదాపు ఎప్పుడూ నాలుగో ఎనిమిదో ఆవర్తనాలకి వస్తాయి. నీకు నచ్చిన ట్రాక్ ఒకటి పెట్టి, కంప్యూటర్ ముట్టుకోకుండా చేత్తో తాళం వేస్తూ, ఎన్నో ఆవర్తనంలో హైహ్యాట్ (చిక్‌చిక్ మనే సింబల్ చప్పుడు) వచ్చింది, ఎన్నోదాంట్లో కిక్ ఆగింది, ఎక్కడ డ్రాప్ పడింది కాగితం మీద రాసుకో. ఆ కాగితమే నీ మొదటి పాటకి ప్లాను. మొదటి ఎనిమిది ఆవర్తనాలు, చివరి ఎనిమిది ఉత్త డ్రమ్స్ ఉంచు. డీజే ఒక పాటలోంచి ఇంకో పాటలోకి వెళ్లాలంటే ఆ చోటు కావాలి. నలభై లూపుల్లో ఒకటి తీసుకో. మిగతా ముప్పైతొమ్మిది ఈ నెల తెరవొద్దు.

పాత సినిమా పాట గొంతు ఎత్తి పెడదామనే ఆలోచన కూడా మానుకో. రికార్డింగ్ హక్కు ఒకరిది, పాట హక్కు ఇంకొకరిది, అనుమతి లేకుండా పెడితే తీయించేస్తారు. నీ గొంతుండగా ఆ అవసరమేముంది?

సామాను లేదని బెంగపడకు. 1980ల మొదట్లో రోలాండ్ కంపెనీ టీబీ 303 అని ఒక చిన్న పెట్టె తెచ్చింది. గిటార్ వాయించేవాళ్లు ఒంటరిగా సాధన చేసుకుంటే వెనకాల బేస్ వాయించడానికి. ఎవరికీ నచ్చలేదు, మూడేళ్లకే ఆపేశారు. చికాగో కుర్రాళ్లు అవే పెట్టెలు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కొని, బటన్లు తిప్పి తిప్పి యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం పుట్టించారు. వాళ్లకన్నా ముందే, 1982లో, బొంబాయి సినిమా పాటలకి వాయించే చరణ్‌జిత్ సింగ్ ఆ 303నీ, 808 డ్రమ్ మెషీన్‌నీ పక్కపక్కన పెట్టుకుని డిస్కో బీట్ మీద రాగాలు వాయించి రికార్డు విడుదల చేశారు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా తిరిగి చూసింది. రాగం ఈ సంగీతంలోకి నువ్వు కొత్తగా తెస్తున్నది కాదు, దానికి ముందే చోటుంది. ధైర్యంగా మోహన వాయించు.

డప్పు శాంపిల్ ప్యాక్‌లో దొరుకుతుందా అని అడిగావు. హనుమకొండలో ఉండి ప్యాక్ ఎందుకమ్మా? బతుకమ్మ పండగ రాకముందే డప్పు వాయించేవాళ్లని కలువు, పండగలో వాళ్లకి తీరిక ఉండదు. గంటకి ఇంత అని ముందే మాట్లాడుకుని చేతిలో పెట్టు, పాటలో పేరు వేస్తానని చెప్పు, వెయ్యి కూడా. వాళ్లు ముందు మంట వేసి డప్పు కాస్తారు, తోలు బిగిసేదాకా. ఆ కాచకముందు మందంగా పలికే దెబ్బ, కాచాక ఖంగుమనే దెబ్బ, రెండూ రికార్డు చెయ్యి. కుడిచేతి సిర్ర (పొట్టి కర్ర) విడిగా, ఎడమచేతి సిటికెన పుల్ల విడిగా, తర్వాత రెండూ కలిపి. గదిలో వద్దు, మేడమీద ఆరుబయట చెయ్యి. మైకు రెండు మూడు అడుగుల దూరంలో, కొంచెం పక్కకి తిప్పి. తీన్మార్ నడకని నాలుగు కిక్కుల మీద ఎక్కిస్తే మొదట కాలు తడబడుతుంది. ప్రతి దెబ్బనీ స్క్రీన్ మీది సమయం గళ్లకి (గ్రిడ్‌కి) అతికించకు. అలా అతికిస్తే ఊపు చచ్చిపోతుంది.

చివరగా నీ చెవులు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి ఎనిమిది గంటలు వినొచ్చు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి పడిపోతుంది, 100 దగ్గర పదిహేను నిమిషాలే. ఫోన్‌లో కొలిచే యాప్ వేసుకుని 75 దాటకుండా పనిచెయ్యి. గంటకోసారి లేచి డాబా మీదికి వెళ్లు. నా కుడి చెవిలో పన్నెండేళ్లుగా సన్నటి కూత ఆగకుండా మోగుతోంది. రాత్రి ఫ్యాన్ ఆపితే అదే వినపడుతుంది. దాన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. నీకు అది రాకూడదు తల్లీ.

దసరాకి పిన్నీ నేనూ వస్తున్నాం. కొలిచే మైకు తెస్తాను, గది మొత్తం కలిసి కొలుద్దాం. ఈలోగా టేబుల్ జరిపి, ఆ నోటుబుక్కు పేజీ ఫోటో తీసి పంపు. 55కి ఎదురుగా ఏం రాశావో చూడాలి.

బాబాయ్