రీప్రింట్ లేని పాత పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి పంచవచ్చా?

రచయిత పోయి 60 ఏళ్లు దాటకపోతే, హక్కుదారుల అనుమతి లేకుండా పంచకూడదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఈ లెక్క రచయిత చనిపోయిన మరుసటి జనవరి నుంచి మొదలవుతుంది. ఆయన కష్టం మీద వచ్చే రాబడి కొన్నాళ్లు ఇంటివాళ్లకూ అందాలన్నది దీని ఉద్దేశం. గురజాడ 1915లో పోయారు. ఆయన బతికుండగా అచ్చయిన రచనలను ఎవరైనా పంచవచ్చు, అచ్చేసి అమ్ముకోవచ్చు కూడా. శ్రీశ్రీ పోయింది 1983లో, కాబట్టి ఆ గడువు 2043 చివరిదాకా ఉంది. "డబ్బులేం తీసుకోవట్లేదుగా" అంటుంటారు చాలామంది. ఉచితంగా పంచినా అది అనుమతి లేని కాపీయే. దొరకని పుస్తకం నలుగురికీ అందాలన్న కోరిక న్యాయమైనదే కానీ, రీప్రింట్ ఆగినంత మాత్రాన హక్కు పోదు.