స్లాబు పెచ్చులు ఊడితే తప్పు సిమెంటుదేనా?

ప్రశ్న: మా తాతగారు కట్టించిన మండువా ఇల్లు కోనసీమలో వందేళ్లు దాటినా చెక్కుచెదరలేదు. నేను కాకినాడలో కట్టుకున్న డాబాకి మాత్రం ఇరవై ఏళ్లకే స్లాబు అడుగున పెచ్చులు ఊడి ఇనుము బయటపడింది. సున్నంతో కట్టుకోవడమే మేలా? పైన మళ్లీ ప్లాస్టరింగ్ చేయిస్తే సరిపోతుందా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు రెండో ప్రశ్నకి చెప్తాను, అది అర్జెంటు కాబట్టి. సరిపోదండీ. లోపల తుప్పు అలాగే ఉంచి పైన మాలు పూస్తే మళ్లీ ఊడుతుంది, ఈలోపు చువ్వ ఇంకా సన్నబడుతుంది. డాబా మీద నుంచి నీరు దిగుతుంటే ముందు దాన్ని ఆపండి. తర్వాత వదులైన కాంక్రీటు అంతా, చువ్వ వెనక దాకా కొట్టించి, వైరు బ్రష్‌తో తుప్పు పూర్తిగా గీకించి, తుప్పు పట్టనివ్వని పూత వేయించి, ఆపైన పాలిమర్ కలిపిన రిపేరు మాలుతో నింపించాలి. చువ్వలు బాగా సన్నబడి ఉంటే మాత్రం మేస్త్రీ మాట మీద ఆగిపోకండి, స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించండి.

ఇక సున్నం సంగతి. మీ తాతగారి ఇంట్లో గోడలు సున్నంవి, పైకప్పు కర్రా పెంకూ. తుప్పు పట్టి గోడని చీల్చడానికి లోపల ఇనుమే లేదు. గానుగ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది, కట్టేవాళ్లకి ఆ ఓపికా ఉండేది. ఇంకో మాట, ఆ రోజుల్లో నాసిగా కట్టినవి ఎప్పుడో కూలిపోయాయి, మన కళ్ల ముందు మిగిలింది బాగా కట్టినవే. అందుకే పాతవన్నీ గొప్పవి అనిపిస్తుంది.

పోర్ట్‌లాండ్ సిమెంటుకి ఇంగ్లండ్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంట్ తీసుకున్నది 1824లో. ఆ తర్వాత కాంక్రీటులో ఇనుము పెట్టడం మొదలయ్యాక స్తంభాల మధ్య దూరం పెంచుకోగలిగాం, అంతస్తు మీద అంతస్తు వేయగలిగాం. సిమెంటుకి ఉన్న క్షార గుణం చువ్వని తుప్పు పట్టకుండా కాపాడుతుంది. కానీ గాలి లోపలికి దూరే కొద్దీ ఆ గుణం తగ్గిపోతుంది, సముద్రపు ఉప్పు చేరితే ఇంకా త్వరగా పాడవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది కాబట్టి కాంక్రీటుని లోపలి నుంచే పగలగొడుతుంది. మీ స్లాబుకి జరిగింది చాలావరకు ఇదే అయి ఉంటుంది.

దీన్ని ఆపేవి ఖరీదైన వస్తువులేం కావు, నాకు బాధ కలిగించేదీ అదే. కాంక్రీటు జారుగా ఉంటే పోయడం తేలిక కదా అని ఇంకో బకెట్ నీళ్లు గుమ్మరిస్తారు, ఆ ఎక్కువైన నీరు ఆరిపోయాక కాంక్రీటులో సన్నని రంధ్రాలు మిగులుతాయి, గాలీ ఉప్పూ దూరేది వాటిలోంచే. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం సముద్రపు గాలి నేరుగా తగిలే చోట నీరు సిమెంటు బరువులో 0.45 వంతు దాటకూడదు, అంటే 50 కిలోల బస్తాకి 22.5 లీటర్లు, తడి ఇసుకలో ఉన్న నీరు కూడా ఇందులో లెక్కే. కాంక్రీటు బలం కనీసం ఎం30 గ్రేడు ఉండాలి, చువ్వని కప్పి ఉంచే కాంక్రీటు మందం, అంటే కవర్, 45 మిల్లీమీటర్లు. ఆ మందం కోసం చువ్వ కింద పెట్టే కవర్ బ్లాకులకి బదులు చేతికి దొరికిన రాయిముక్క పెట్టే సైట్లు ఇప్పటికీ ఉన్నాయి! ఇక మడులు కట్టి నీళ్లు నిలపడం: మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, ఎండలు మండే కాలంలో 10, బూడిద కలిసిన పీపీసీకి 14 రోజులు తడి ఆరకుండా చూడటం మంచిది. మూడో రోజుకే నీళ్లు మానేసి సెంట్రింగ్ అద్దె లెక్కలు వేసుకుంటే ఏ బ్రాండు సిమెంటు తెచ్చినా ఒకటే.

ప్రశ్న: రామప్ప గుడి ఇటుకలు నీళ్లలో తేలతాయట. అలాంటివి ఇప్పుడెందుకు చేయరు? – డిగ్రీ విద్యార్థిని, ములుగు

జవాబు: చేస్తున్నారమ్మా, పద్ధతే వేరు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిలో తేలిక ఇటుకలు వాడింది శిఖరానికి, కింద బరువు తగ్గించడానికి. పునాది కింద ఇసుక నింపారు. ఇప్పుడు అపార్టుమెంట్ల గోడలకి వాడే తెల్లటి ఏఏసీ బ్లాకుల (గాలి బుడగలతో గుల్లగా చేసిన తేలిక కాంక్రీటు దిమ్మల) ఆలోచన కూడా బరువు తగ్గించడమే. అది 1920ల్లో స్వీడన్‌లో పుట్టింది, మిశ్రమంలో అల్యూమినియం పొడి వేస్తే గ్యాసు బుడగలు లేచి రాయి గుల్లగా తయారవుతుంది. గోడ బరువు తగ్గితే పిల్లర్లకీ పునాదికీ ఇనుము కలిసొస్తుంది. కాకపోతే ఆ గోడకి బరువైన అలమర బిగించాలంటే మామూలు మేకు పట్టదు, దానికి తగ్గ యాంకర్ కావాలి.

ప్రశ్న: చిన్నప్పటి నుంచీ తాపీ పనే సార్. ఇప్పుడు రెడీమిక్స్, అచ్చుల్లో పోసే గోడలు వచ్చాయి. మా పని ఏమవుతుంది? – తాపీ మేస్త్రీ, మహబూబ్‌నగర్

జవాబు: 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్ట రాతి కట్టడం. 124 మీటర్ల ఎత్తుకి ఆ రాళ్లు చేర్చింది ఎక్కువగా మనుషుల చేతులే. దేశంలో ఎన్నో ఆనకట్టల దగ్గర పాలమూరు కూలీలు పనిచేశారు. అయినా వాళ్లకి పని నేర్పిన బడి లేదు, పక్కవాణ్ణి చూసి నేర్చుకున్నదే. నేను పైన రాసిన నీటి లెక్క, కవర్ లెక్క సైట్లో చివరికి మీ చేతిలోనే ఉన్నాయి, కానీ అవి మీకు కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఎంతమంది? అల్యూమినియం అచ్చులతో గోడలు పోసే పెద్ద సైట్లలో ఇటుక పని తగ్గుతుంది, అది నిజం. రిపేరు పని, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, షటరింగ్ కొలతలు చూసే పని మాత్రం పెరుగుతున్నాయి. అందులో ఒకటి పట్టుకోండి.

మీకు కార్మిక శాఖ కార్డు ఉందా? 1996 చట్టంతో నిర్మాణ ఖర్చులో కనీసం 1 శాతం సెస్సుగా వసూలు చేసి కార్మికుల సంక్షేమ బోర్డుకి జమచేసే ఏర్పాటు వచ్చింది. వయసు 18 నుంచి 60 లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు పేరు నమోదు చేయించుకోవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు సాయం, ప్రసూతి సాయం లాంటివి ఆ డబ్బులోంచే వస్తాయి, ఎంత వస్తుందో లేబర్ ఆఫీసులో అడగండి. మీ కింద పనిచేసే ఆడకూలీల పేర్లు కూడా రాయించండి, రెన్యువల్ తేదీ దాటిపోకుండా చూసుకోండి.