ఈనిన ఆవుకు బలం కోసం రోజూ నూనె పోయవచ్చా?

ఆవు ఈని 20 రోజులైందని, పూటకు 9 లీటర్లు ఇస్తున్నా పక్కటెముకలు తేలుతున్నాయని, దాణాలో నూనె కలపమంటున్నారని రాశారు. దయచేసి కలపకండి. నేను కలిపి దెబ్బతిన్నాను.

మాది పలమనేరు దగ్గర పల్లె. మా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవు ఇలాగే చిక్కిపోతుంటే రోజుకు పావు లీటరు వేరుశనగ నూనె పోశాను. నాలుగో రోజుకు పేడ జారుడైంది. చేతిలోకి తీసుకుని చూస్తే చొప్ప పీచు అరగకుండా అలాగే ఉంది. నెమరు తగ్గింది. పాల కేంద్రంలో వెన్న 3.8 శాతం నుంచి 3.1కి పడింది. కొవ్వు పెడితే వెన్న తగ్గడమేమిటని నాకు పిచ్చెక్కినంత పనైంది.

డాక్టరుగారు మేపు మొత్తం లెక్క రాయించారు. ఆవు రోజుకు తినే మొత్తం మేత, తేమ తీసేసి లెక్కిస్తే, 12 కిలోలు. అందులో కొవ్వు ఆరేడు శాతం దాటకూడదు, అంటే 700-800 గ్రాములు. నూనె తీయని తవుడులో 15 శాతం దాకా నూనె ఉంటుంది. నేను 3 కిలోల తవుడు పెడుతున్నాను, అదే 450 గ్రాములు. మిగతా మేతలోదీ, నా పావు లీటరూ కలిస్తే హద్దు దాటేసింది. ఎక్కువైన నూనె పీచుకు పూతలా పట్టి, దాన్ని అరిగించే సూక్ష్మజీవులను దెబ్బతీస్తుంది. వెన్న తయారవడానికి ముడిసరుకు ఆ పీచు నుంచే వస్తుంది. (కడుపుబ్బరానికి ఒకసారి నూనె తాగించడం వేరే సంగతి.)

ఆయన బైపాస్ ఫ్యాట్ రాశారు. కొవ్వును కాల్షియంతో కలిపి చేస్తారు. మొదటి పొట్టలో కరగదు, నాలుగో పొట్టలోని ఆమ్లానికి విడిపోయి పేగుల్లో ఒంటికి పడుతుంది. అరచేతిలో వేసుకుంటే సబ్బు వాసన వచ్చింది. మా ఆవు మొదటి రోజు నాలుకతో పక్కకు నెట్టేసింది. 50 గ్రాములతో మొదలుపెట్టి వారంలో 150కి తెచ్చాను. పాలు ఎక్కువిచ్చే ఆవుకు 200 దాకా పెడతారు. తవుడు ఒక కిలోకు తగ్గించాను. పేడ గట్టిపడింది, వెన్న మెల్లగా కోలుకుంది. రోజుకు ఆరేడు లీటర్లే ఇచ్చే ఆవుకైతే ఈ ఖర్చు దండగ.

ఒక్క విషయం మాత్రం మరిచిపోకండి. ఈనిన కొత్తలో తినేదానికంటే పాలలో పోయేది ఎక్కువ. ఆ లోటుకు ఒంట్లో కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అక్కడ పూర్తిగా ఖర్చవక కీటోన్లనే పదార్థాలుగా మారి పేరుకుంటే, ఆ జబ్బే కీటోసిస్. దాణా వదిలేసి గడ్డి మాత్రం తింటున్నా, నోటి నుంచి తియ్యటి వాసన వస్తున్నా బైపాస్ ఫ్యాట్‌తో కాలయాపన చేయకండి. అప్పుడు ఆవుకు కావలసింది గ్లూకోజ్, కొవ్వు నుంచి అది దాదాపు రాదు. డాక్టరు సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించి, ఒంట్లో గ్లూకోజ్‌గా మారే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం తాగిస్తారు.

మీరు ఎంత తవుడు పెడుతున్నారో రాయలేదు. రేపు పొద్దున పేడ ఒకసారి చేత్తో చూసి, తవుడు, చెక్క, మొక్కజొన్న ఎన్ని కిలోలో రాయండి, లెక్క వేసి చెబుతాను.