‘ఈ స్టేజీ అయిపోనీ’ అంటూ రాత్రి ఒంటిగంట

ప్రశ్న: మాది కడప. నాకు 36 ఏళ్లు. మా ఆయన పార్సిల్ ఆఫీసులో లెక్కలు చూస్తారు. 4 నెలల కింద టీవీకి తగిలించే పాతకాలం వీడియోగేమ్ డబ్బా ఒకటి, రెండు రిమోట్లతో కొన్నారు. అన్నం తిన్నాక తొమ్మిదిన్నరకు కూర్చుంటే లేచేసరికి ఒంటిగంట. ఎప్పుడు పిలిచినా ‘ఈ స్టేజీ అయిపోనీ’ అంటారు. పాత గేముల్లో ఏది బాగుందో, ఏది బాగాలేదో తెలుగులో వీడియోలు చేస్తారంట. లాంగ్ నోట్‌బుక్‌లో 40 గేముల గురించి రాసుకున్నారు గానీ ఒక్క వీడియో రాలేదు. అయిదో తరగతి చదివే మా బాబు కూడా ఆడతాడు. వాడు గుంతలో పడినప్పుడల్లా ‘ఇటియ్యి, నేను చూపిస్తా’ అని రిమోట్ లాక్కుంటారు. పోయిన వారం వాడు రిమోట్‌ను గోడకేసి కొట్టాడు, ఆయన వాణ్ని కొట్టారు. అప్పటినుంచి వాడు నాన్నతో మాట్లాడడం లేదు. సీరియల్ పోయిందని మా అత్తమ్మ ఒకపక్క. ఇది వ్యసనమేనా? ఆ డబ్బా ఎవరికైనా ఇచ్చేయమంటారా?

జవాబు: ఇచ్చేయొద్దమ్మా. ఇచ్చేస్తే ఆయన అదే ఆట ఫోన్లో ఆడుకుంటారు. అప్పుడు బాబుకు పక్కన కూర్చునే చోటు కూడా ఉండదు.

వ్యసనమా అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ రుగ్మతను జబ్బుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ఆట మీద అదుపు తప్పాలి, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవాలి, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా మానలేకపోవాలి, ఈ తీరు మామూలుగా ఏడాదిపాటు సాగాలి. మీ ఆయన రోజూ ఆఫీసుకు వెళ్తున్నారు. డబ్బు పోతోందనిగానీ, అబద్ధాలు చెబుతున్నారనిగానీ మీరు రాయలేదు. అందుకని ఇప్పుడే ఆ పేరు పెట్టను. అలాగని ఇది చిన్న విషయమనీ అనను. రోజూ ఒంటిగంటకు పడుకునే మనిషికి పిల్లవాడి మీద ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది?

‘ఈ స్టేజీ అయిపోనీ’ అన్నప్పుడు ఆయన మిమ్మల్ని మభ్యపెట్టడం లేదు. అది ఎప్పుడు అయిపోతుందో ఆయనకూ తెలియదు. 1985లో వచ్చిన సూపర్ మారియోనే తీసుకోండి. 8 వరల్డులు, ఒక్కోదాంట్లో 4 స్టేజీలు, మొత్తం 32. చేతిలో 3 లైఫులు. ఆడిన చోటును దాచుకునే వీలు ఆ ఆటలో లేదు, స్విచ్ ఆపితే మళ్లీ మొదటి స్టేజీయే. ఆట మొత్తం 40 కిలోబైట్లు, అంటే మీ ఫోన్లో ఒక్క ఫొటో పట్టే జాగాలో పదులకొద్దీ మారియోలు పడతాయి. అంత చిన్న ఆటను నెలలపాటు ఆడించాలంటే కష్టం పెంచాలి, పడిపోతే వెనక్కి పంపాలి. 7-4 (ఏడో వరల్డు, నాలుగో స్టేజీ) కోటలో దారి తప్పితే అదే గది మళ్లీ మళ్లీ వస్తుంది. అక్కడ ఉండగా మీరు ‘ఆపండి’ అంటే గంటన్నర కష్టం పోయినట్టు ఆయనకు అనిపిస్తుంది. ఆ కోపం మీ మీద కాదు, పడేది మాత్రం మీ మీదే.

దీనికి మందు ఆ డబ్బాలోనే ఉంది. ఇలాంటి డబ్బాల్లో చాలావాటికి ఆట మధ్యలో తెరుచుకునే మెనూ ఉంటుంది, ఎక్కువగా సెలెక్ట్, స్టార్ట్ రెండూ కలిపి నొక్కితే వస్తుంది. అందులో సేవ్ చేస్తే మర్నాడు సరిగ్గా అదే అడుగు దగ్గర మొదలవుతుంది. పది సెకన్ల పని. ‘అది దొంగాట’ అని ఆయన అంటారు, అనడంలో న్యాయమూ ఉంది. గుంత గుంతకూ సేవ్ చేసుకుంటూ దూకితే ఆ ఆట ఎంత కష్టమో ఆయనకే తెలియకుండా పోతుంది, అలా ఆడి ఇచ్చే తీర్పుకు విలువ లేదు. కాబట్టి ఒప్పందం ఇలా పెట్టుకోండి: ఆపేటప్పుడు ఒక్కసారి సేవ్, మర్నాడు మొదలుపెట్టేటప్పుడు ఒక్కసారి లోడ్. పుస్తకంలో ఈకముక్క పెట్టుకోవడం లాంటిది, ఆటకు ఏ లోటూ రాదు. ఇంకో సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది: మారియోలో గేమ్ ఓవర్ అయ్యాక మొదటి తెర మీద ‘ఏ’ (A) అనే బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే, ఓడిపోయిన వరల్డు మొదటి స్టేజీ నుంచి మొదలుపెట్టొచ్చు. డబ్బా ఆపనంతవరకే అది పనిచేస్తుంది.

గడియారం చూపించి ‘పదకొండుకు ఆపాలి’ అనకండి. ఆటలో ఉన్నవాడికి నిమిషాలు తెలియవు, లైఫులు తెలుస్తాయి. పదిన్నర దాటాక పోయే మొదటి లైఫే ఆ రాత్రికి ఆఖరిది అనుకోండి. లైఫ్ పోయిన ఆ క్షణంలో తెర ఎలాగూ ఒక్కసారి నల్లబడుతుంది. మనసు ఆట నుంచి ఊడి వచ్చేది అప్పుడే, మీరు పిలవాల్సిందీ అప్పుడే. బాగా ఆడుతూ లైఫ్ పోకుండా సాగిందా, పదకొండుకు సేవ్.

ఇక బాబు సంగతి. వాడు పడిపోవడంలో వాడి తప్పు ఎంత, టీవీ తప్పు ఎంత అన్నది ముందు తేల్చండి. ఈ ఆట సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) నడుస్తుంది. పరుగులో ఉన్న మారియో ఒక్కో ఫ్రేముకు రెండున్నర పిక్సెళ్లు (తెర మీది చుక్కలు) ముందుకు పోతాడు. ఇటుక వెడల్పు 16 పిక్సెళ్లు. ఇప్పటి టీవీలు బొమ్మను నున్నగా చేసి చూపించడానికి కాస్త సమయం తీసుకుంటాయి. ఆ ఆలస్యం 5 ఫ్రేములైనా బాబు నొక్కింది పన్నెండున్నర పిక్సెళ్లు ఆలస్యంగా అందుతుంది, అంటే ముప్పాతిక ఇటుక. వాడు గుంత అంచున సరిగ్గానే నొక్కాడు, మారియో మాత్రం అప్పటికే గుంతలో ఉన్నాడు. పెద్దవాళ్లు తెలియకుండానే ముందుగా నొక్కడం అలవాటు చేసుకుంటారు, పిల్లలకు అది రాదు. టీవీ సెట్టింగుల్లో పిక్చర్ కింద గేమ్ మోడ్ ఉంటుంది, అది పెట్టండి. వైర్ లేని రిమోట్లయితే కొత్త బ్యాటరీలు వేసి, డబ్బాకు రిమోట్‌కు మధ్య మనిషి అడ్డం లేకుండా కూర్చోండి.

వేగం కూడా చూడాలి. మొదటి స్టేజీలో కదలకుండా నిలబడి, పైన టైమ్ అంకె 400 నుంచి 300కు దిగడానికి ఎంత పడుతుందో ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి. ఒక్కో అంకెకు 24 ఫ్రేములు, అంటే 40 సెకన్లు రావాలి. 48 దగ్గర వచ్చిందంటే 60 ఫ్రేముల ఆటను మీ డబ్బా 50తో నడుపుతోందన్నమాట, సంగీతం కూడా సాగదీసినట్టు వినిపిస్తుంది. ఇది మీ ఆయనతోనే చేయించండి. నోట్‌బుక్‌లో ‘కంట్రోల్ మందంగా ఉంది’ అని ఎన్ని గేములకు రాశారో మళ్లీ చూసుకోవాల్సి రావచ్చు. అది ఆటకు ఇచ్చిన తీర్పో, టీవీకి ఇచ్చినదో!

టీవీ సరిచేసినా మిగిలేది ఒకటుంది. మారియోలో ఇద్దరు ఆడితే వంతులవారీగా ఆడాలి, ఒకరు ఔటైతేనే ఇంకొకరికి ఆట. నాన్న పావుగంట ఆడితే బాబు అర నిమిషం. ఆ అర నిమిషంలో కూడా ‘ఇటియ్యి’ అంటే ఇక వాడికి మిగిలింది చూడడమే. పదేళ్ల పిల్లాడు రిమోట్ విసిరింది ఆట మీద కోపంతో అని నేను అనుకోను.

తండ్రీకొడుకులకు ఇద్దరూ ఒకేసారి ఆడే ఆట కావాలి. 1986లో టైటో కంపెనీ తెచ్చిన బబుల్ బాబుల్ అందుకు సరిగ్గా సరిపోతుంది. మొత్తం 100 రౌండ్లు, ఒక్కోటీ ఒకే తెర, నిమిషంలో అయిపోయేవే ఎక్కువ, ఎక్కడైనా ఆపొచ్చు. ఇద్దరూ కలిసి ముగిస్తేనే అసలు ముగింపు వస్తుంది, అంటే ఈ ఆటలో నాన్నకు బాబు అవసరం. 1990లో క్యాప్‌కామ్ చేసిన చిప్ అండ్ డేల్ రెస్క్యూ రేంజర్స్ కూడా మెత్తని ఆటే, పెట్టెలు ఎత్తి విసరడమే పని, పొరపాటున ఒకరినొకరు ఎత్తి విసురుకుంటే నవ్వు వస్తుంది. కాంట్రా మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి. పైన పైన, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ ఏ అని నొక్కి 30 లైఫులు తెచ్చుకున్నా, జలపాతం స్టేజీలో ముందు ఎక్కేవాడు తెరను పైకి లాగితే కింద మిగిలినవాడు చచ్చిపోతాడు. ఎవరు ముందు ఎక్కుతారో మీకు తెలుసు.

వాడికి మారియో నేర్పాలనే ఉంటే, చేయి రిమోట్ మీద పెట్టకుండా నేర్పాలి. ముందు బొటనవేలు: కొస ‘బీ’ (పరుగెత్తే బటన్) మీద, కణుపు దగ్గరి భాగం ‘ఏ’ (దూకే బటన్) మీద. బీ వదలకుండా వేలు వాల్చితే పరుగులోనే దూకుతాడు. చాలామంది పిల్లలు పడిపోయేది దూకడానికి బీ వదిలేసి వేగం పోగొట్టుకోవడం వల్లే. తర్వాత ‘ఏ’ బటన్ నొక్కి వదలడం, నొక్కి పట్టడం, ఆ రెండు దూకుళ్ల ఎత్తులో తేడా. ఇదంతా మొదటి స్టేజీలో మొదటి గొట్టం ముందరే నేర్చుకోవచ్చు. ఒక సాయంత్రానికి ఇది చాలు.

కొట్టిన సంగతి అలా వదిలేయకూడదు. క్షమాపణ ఆయనే చెప్పాలి, మీరు మధ్యవర్తిగా కాదు. ‘నువ్వు విసిరావు కాబట్టి కొట్టాను’ అంటే అది క్షమాపణ కాదు. ‘నీ చేతిలోది లాక్కున్నాను, అది నా తప్పు. కొట్టడం ఇంకా పెద్ద తప్పు’ అంటే చాలు. విసిరిన సంగతి ఇంకో రోజు మాట్లాడుకోవచ్చు. ఈ మాట ఆయనతో రాత్రి, రిమోట్ చేతిలో ఉండగా అనకండి. ఆదివారం పొద్దున దోసెలు తినే వేళ కూర్చోబెట్టి, ‘ఏమండీ, మీరు ఆడేదానికి నేను అడ్డం రాను. బిడ్డ మీ పక్కన కూర్చోవడానికి భయపడుతున్నాడు, దాని గురించే నేను మాట్లాడేది’ అనండి. వ్యసనం అన్న మాట నోట రానీయకండి. ఆ మాట వింటే ఆయన తన తరఫున వాదించుకోవడంలో పడిపోతారు.

ఆ నోట్‌బుక్‌ను మాత్రం చిన్నచూపు చూడకండి. 40 గేములు రాసుకున్న మనిషికి పని చేసే ఓపిక ఉంది, ఎక్కడ ఆపాలో తెలియలేదంతే. ప్రతి ఆటనూ ఆఖరుదాకా ఆడాల్సిన పనిలేదు, ఎంతవరకు ఆడారో నిజం చెబితే చాలు. ఒక్కో ఆటకు వేరువేరు రోజుల్లో మూడుసార్లు కూర్చోవాలి, ఒక్కోసారి 40 నిమిషాలు. ఔటైన ప్రతిసారీ ఒక గీత గీయాలి: చూసి కూడా జారానా, కనబడకుండా వచ్చి తగిలిందా, నొక్కినా పలకలేదా. మూడో రోజుకు మొదటి రకం గీతలు తగ్గితే ఆట న్యాయంగా ఉన్నట్టు. రెండో రకం తగ్గకపోతే ఆ కష్టం ఆటలోదే. నింజా గైడెన్‌లో ఒక్క అడుగు వెనక్కి వేసి వస్తే చంపిన శత్రువు మళ్లీ లేస్తాడు, పక్షి తగిలితే గుంతలోకి ఎగిరిపడతాం, చివరి బాస్ దగ్గర ఓడితే 6-1కి పంపుతుంది. గోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్‌లో ఎగిరాక గాలిలో దిక్కు మార్చుకోలేం, ఒకసారి ముగించాక అదంతా మాయ అని మళ్లీ మొదటినుంచి ఆడిస్తుంది. ‘చాలా హార్డ్’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు, ఇవి రాస్తే తెలుస్తుంది. చిన్నప్పుడు అద్దెకు తెచ్చుకున్న క్యాసెట్ల ముచ్చట్లుంటే వేరే పేజీలో రాసుకోమనండి. ఆ తీపి ఆట మార్కుల్లో కలిస్తే ప్రతి ఆటకూ పదికి తొమ్మిది వస్తాయి. ఇంకో జాగ్రత్త: వేల గేములని చెప్పే డబ్బాల్లో ఒకే ఆట పేరు మార్చుకుని పలుమార్లు ఉంటుంది. ఆ 40లో నిజంగా ఎన్నున్నాయో చూసుకోవాలి.

ఇక్కడ బాబుకు ఒక ఉద్యోగం ఉంది. ఆట మొదటిసారి చూసే కళ్లు ఆయనకు లేవు, వాడికి ఉన్నాయి. కొత్త ఆట ఏదైనా ముందు 20 నిమిషాలు బాబు ఆడాలి, నాన్న నోరు విప్పకుండా పక్కన గీతలు గీయాలి. వాడు ఎక్కడ తికమకపడ్డాడన్నదే ఆ వీడియోలో అందరికీ పనికొచ్చే మాట. రెండు వారాలకు ఒక ఆట, ఒక పేజీ, అయిదు నిమిషాల వీడియో. దసరా లోపు నాలుగు వీడియోలు రాకపోతే అది వీడియోల కోసం ఆడుతున్న ఆట కాదని ఆయనే ఒప్పుకుంటారు.

అత్తమ్మ సీరియళ్లు అయ్యేదాకా టీవీ ఆమెదే. గొడవ తప్పించడానికి డబ్బాను పడకగదిలోకి మార్చకండి, హాల్లో ఉన్నంతవరకే పదకొండు అనేది పదకొండుగా ఉంటుంది.

ఇవి చేశాక రెండు నెలలకు కూడా ఆయన నిద్ర ఒంటిగంటకే ఉంటే, ఆఫీసు ఎగ్గొట్టడమో, ఆపమన్నప్పుడు చేయి లేవడమో జరిగితే, ఆగకుండా 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ అది, తెలుగులో మాట్లాడతారు. కడప రిమ్స్‌లో మానసిక వైద్యులను చూపించుకోవచ్చు. అప్పుడు ఆయన ఒక్కరే కాదు, మీరిద్దరూ వెళ్లండి.

గోడకు తగిలిన రిమోట్‌ను మాత్రం ఈ రోజే చూడండి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గలగలమంటోందా? మారియోలో కుడి బటన్ పట్టుకుంటే మధ్యలో ఆగకుండా నడుస్తున్నాడా? ఆగితే లోపల బటన్ కింది రబ్బరు పక్కకు జరిగి ఉంటుంది, వెనక మరలు విప్పి సరిచేసుకోవచ్చు, పగిలి ఉంటే మార్చాలి. బాగయ్యేదాకా దాన్ని నాన్న వాడాలి, మంచిది బాబుకు ఇవ్వాలి.