'కథలు వద్దమ్మా' అంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. నవోదయ ప్రవేశ పరీక్షలో సీటు రాలేదు. అప్పటి నుంచి పుస్తకం ముట్టడం లేదు. 'ఇక ఏ పరీక్షా రాయను' అంటున్నాడు. ధైర్యం వస్తుందని రోజూ రాత్రి సాలెపురుగు కథ, గొప్పవాళ్ల కథలు చెబుతున్నాను. మొన్న దుప్పటి ముసుగేసుకుని 'కథలు వద్దమ్మా' అన్నాడు. వాళ్ల నాన్నేమో పక్కింటి అబ్బాయికి సీటొచ్చిన సంగతి గుర్తుచేస్తుంటారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి విసుగులో న్యాయం ఉంది. సాలెపురుగు పడిన గోడే మళ్లీ ఎక్కింది. ఆరో తరగతి నవోదయ పరీక్ష మాత్రం ఒక్కసారే రాయనిస్తారు. 'మళ్లీ ప్రయత్నించు' అంటే, ఎక్కడ అని వాడికి అనిపించదా? ఒక్కో విద్యాలయంలో ఆ తరగతికి ఉండేవి ఎక్కువలో ఎక్కువ 80 సీట్లు. సీటు రాకపోవడం వేరు, చదువు రాకపోవడం వేరు. ఈ మాట కథ లేకుండా సూటిగా చెప్పండి. తొమ్మిదో తరగతిలో ఖాళీలకు మరో పరీక్ష ఉంటుంది కానీ, ఆ ఊసు ఇప్పుడే ఎత్తకండి.

కొన్నాళ్లు గొప్పవాళ్లను పక్కనపెట్టి మీ కథ చెప్పండి. లెక్కల పరీక్షో, పాడుచేసిన మొదటి జాకెట్టో, మీకూ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని కాదు, చిక్కుడుకాయలు ఒలుస్తూనో, బట్టలు మడతపెడుతూనో చెప్పండి. ఆ సాయంత్రం ఎవరికి ముఖం చాటేశారు, అన్నం తిన్నారా, ఎవరితో అబద్ధమాడారు, అన్నీ చెప్పండి. 'అందుకే నువ్వు కూడా...' అని మాత్రం అనకండి. నేను చూసినంతలో పిల్లలు చెవులు మూసుకునేది సరిగ్గా అక్కడే. 'తర్వాత?' అని అడిగితే చెప్పండి, లేకపోతే మీ పని మీరు చూసుకోండి.

రెండు మూడు వారాలైనా తిండి, నిద్ర, ఆట దారిన పడకపోయినా, 'నేనెందుకు బతకాలి' వంటి మాట ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకుండా పిల్లల మానసిక నిపుణులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఇక మీ వారికి నేనే ఒక కథ చెబుతాను. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన తొలి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ కొద్ది నిమిషాలకే బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. విలేకరుల ముందు మాత్రం ఇస్రో అధిపతి సతీశ్ ధావన్ తానే కూర్చుని బాధ్యత తనదన్నారు. తప్పు చేసిన వాల్వు ఏదో వెతికి సరిచేసుకున్నారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరాక, 'ఈసారి నువ్వు మాట్లాడు' అని కలాంను ముందుకు పంపారు. కలాం ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పుకున్నారు. పిల్లలకు మనం రాకెట్ ఎగిరిన కథ చెబుతాం. మీ వారు వినాల్సింది ఆ విలేకరుల సమావేశం కథ. ఈసారి 'సీటొచ్చిందా?' అని ఏ బంధువో ఫోను చేస్తే ఆయన ఏమంటారో, మీ అబ్బాయి పక్కగదిలోంచి వింటూ ఉంటాడు.